చావింటికి పోయే బండి

మద్దిలేటి ఊళ్లో తెల్లారిందని కోడి కూసి చెప్పేది కాదు, మిల్ట్రీ లారీ దగ్గి చెప్పేది. గార్లదిన్నె దాటి, చేలగట్ల మధ్య మట్టిదారి పట్టి లోపలికి పోతే వచ్చే ఊరది. పొద్దున్నే ముందొక పొడిదగ్గు, ఆ తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఇంకొకటి, ఆ వెనక బోనెట్టు రేకులన్నీ గడగడలాడి, గుప్పుమని నల్లపొగ లేచి పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టల్లో దూరేది. "లేసినాడప్పా మిల్ట్రీవోడు" అని తిట్టుకుంటూ ఆడవాళ్లు బట్టలు తీసుకునేవాళ్లు. తిట్టారే గానీ ఆ బండిని అక్కణ్నుంచి తీసెయ్యమని ఎవరూ అనలేదు. ఎండలు ముదిరితే దానితో ఎంత పనో వాళ్లకు బాగా తెలుసు.

బండిని ఎక్కడికీ తీసేది లేని రోజైనా సరే, మద్దిలేటి పొద్దున్నే దాని ముందు నిలబడాల్సిందే. పట్టాళంలో దీన్ని ఫస్ట్ పరేడ్ అంటారు. ఆయిలు కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రేడియేటరులో నీళ్లు చూడాలి. బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. చివరికి చిన్న సుత్తి పట్టుకుని నాలుగు పక్కలా తిరుగుతూ చక్రాల నట్లు ఒక్కొక్కటే తట్టి వినాలి. బిగువుగా ఉన్న నట్టు టంగుమంటుంది, వదులైంది మూలుగుతుంది. ఏళ్ల తరబడి ఇంజను పక్కన కూర్చుని అతని చెవులు మనుషుల మాటలకు మందగించాయి. ఫోనొస్తే స్పీకరు పెట్టుకుంటే తప్ప అవతలి మాట అందదు. నట్టు మూలిగితే మాత్రం పక్కవీధి నుంచి కూడా వినబడుతుంది. "నేను పిలిస్తే ఇనపడదు, ఇనుము పిలిస్తే ఇనపడతాది" అనేది అతని భార్య సుజాత. "దానికి పెట్టే పొద్దులో సగం నాకు పెట్టింటే నేనూ కొత్తగానే ఉందును."

ఆ లారీ పేరు శక్తిమాన్. పట్టాళంలో ఉన్నప్పుడు మంచు కొండల దారుల్లో మద్దిలేటి నడిపిన బండే అది. వయసైపోయిందని దాన్ని పనికిరానివాటిలో చేర్చి వేలానికి పెట్టినప్పుడు అతనింకా సర్వీసులోనే ఉన్నాడు. తను నడిపిన బండిని తనే పాడుకుంటే పైవాళ్లు ఏమంటారోనని జంకి, ఊరికి ఫోన్ చేసి రామాంజిని పిలిపించుకున్నాడు. రామాంజి రైళ్లు మారి, పరాయి భాషలో ఒక్క ముక్క రాకుండా, దుప్పటి కప్పుకుని వణుకుతూ వచ్చి వేలంలో నిలబడి పాడాడు. డబ్బు మద్దిలేటిది, కాగితాల మీద పేరు రామాంజిది. ఆ తర్వాత ఆ పేరు మార్పించుకోమని సుజాత ఎన్నిసార్లు పోరినా మద్దిలేటి చెవిన వేసుకోలేదు. "వాని పేరుంటే ఏమి, నా పేరుంటే ఏమి. వాడేమన్నా బయటోడా" అనేవాడు. ఇలా అనేవాళ్లకు మన జిల్లాలో ఎప్పుడూ కొదవ లేదు.

నిజానికి రామాంజి అతనికి తమ్ముడు కాదు, చుట్టమూ కాదు. పక్కింటివాడు. మద్దిలేటి పసితనంలోనే తల్లి పోతే, రామాంజి వాళ్లమ్మ నారాయణమ్మ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకే తట్టలో సంగటి పెట్టింది. ముద్ద మధ్యలో గీత గీసి ఈ పక్క నీది, ఆ పక్క వానిది అనేది. రామాంజి గీత దాటి తినేసినా మద్దిలేటి ఊరుకునేవాడు. ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడు. మొదటి జీతంతో ఆమెకు పట్టాళం కంబళి తెచ్చాడు. "మనూరి ఎండలకు కంబళి యాందుకురా సామీ" అని పడీపడీ నవ్వి, ఆ ముసలామె ఏడాది పొడుగునా దాన్ని మంచం మీద పరుచుకునే పడుకునేది.

సర్వీసు అయిపోయి ఊరికి వచ్చాక మద్దిలేటి బండికి కొత్త పని పెట్టాడు. వెనక తొట్టి విప్పించి నీళ్ల ట్యాంకు ఎక్కించాడు. పట్టాళం ఆకుపచ్చ రంగు బయటివాళ్లు వేసుకోకూడదు గనుక ఒళ్లంతా వేరుశెనగ పొట్టు రంగు పూయించాడు. తలుపు లోపలివైపు మాత్రం పాత పచ్చరంగును అలాగే ఉంచుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి ట్రాక్టర్లు కూరుకుపోయే వంక ఇసుకలో కూడా అది మొండిగా ఎక్కి పోయేది. బోర్లు ఎండిపోయిన పల్లెలకు నీళ్లు తోలేవాళ్లు. మద్దిలేటి స్టీరింగు దగ్గర, రామాంజి పైపు దగ్గర. విడిభాగాలు ఏ అంగట్లోనూ దొరికేవి కావు. ఇద్దరూ బెంగళూరు పోయి పాత సామాన్ల గుజిరీ అంగళ్లలో పొద్దంతా వెతికేవాళ్లు. దొరకనిది ధర్మవరంలో లేతు మిషను మీద చేయించుకునేవాళ్లు. గ్రీజు పెట్టడానికి రామాంజి బండి కింద దూరేవాడు, మద్దిలేటి పైన కూర్చుని పెడళ్లు తొక్కేవాడు. ఇద్దరి కష్టసుఖాలూ గేరు లివరు కంత గుండానే నడిచేవి. రామాంజి పెళ్లి మాటలు కూడా ఆ కంతలోనే ఖాయమయ్యాయని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఈ బండికి ఒక కట్టుబాటు ఉండేది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. మన పక్క చావు ఒక కష్టమైతే, చావింటికి నీళ్లు ఇంకో కష్టం. శవానికి స్నానం చేయించాలి, నలుదిక్కుల నుంచి వచ్చే బంధువులకు తాగడానికి ఇవ్వాలి, మట్టివేసి వచ్చినవాళ్లందరూ తలకు పోసుకోవాలి. బిందెలతో తెగే పని కాదు. అందుకని చావింటి నుంచి పిలుపొస్తే మద్దిలేటి ఏ కులం, ఏ పార్టీ అని అడగడు. ఎవరు పోయారు, ఎట్లా పోయారు అని కూడా అడగడు. చేతిలో ముద్ద తట్టలో పెట్టేసి లేస్తాడు. డబ్బు ముట్టుకోడు. చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని చావింటికి పోయే బండి అనేవాళ్లు. వినడానికి బాగోదు గానీ మర్యాదతోనే అనేవాళ్లు.

పెళ్లి ఉందని అబద్ధం చెప్పి ట్యాంకరు తెప్పించుకుని మిరపనారుకు పారించుకున్న ఘనులు ఉన్నారు. అమ్మవారి జాతరని చెప్పి ఇల్లు కట్టుకున్నవాడూ ఉన్నాడు. చావని చెప్పి పిలిచినవాడు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు. బతికున్న మనిషిని పోయిందని అనడానికి ఎంత తెగించినవాడికైనా నాలుక తిరగదు. కాబట్టే మద్దిలేటి అడగడం మానేశాడు. అడగాల్సిన అవసరం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

రానురాను ఇళ్ల ముందుకు కొళాయిలు వచ్చాయి. కొళాయిల్లో నీళ్లు రానప్పుడు తోలడానికి ట్రాక్టరు ట్యాంకర్లు వచ్చాయి. వాటికి డీజిలు తక్కువ, బాడుగ తక్కువ. మిల్ట్రీ లారీ కల్లు తాగినట్టు డీజిలు తాగేది. చివరికి దానికి చావింటి పిలుపులే మిగిలాయి. అప్పుడు వచ్చాడు హర్ష. భూములున్న ఇంటి పిల్లవాడు, గోరంట్ల దారిలో బెంగళూరు వాళ్లు సెలవులకు వచ్చి పోయే రిసార్టు ఒకటి కట్టాడు. బండి చుట్టూ ఫోన్ పట్టుకుని తిరిగి తిరిగి ఫోటోలు తీసుకున్నాడు.

"గేటు కాడ పెడతానన్నా. పచ్చరంగు కొట్టించి, లోపల కాఫీ కౌంటరు పెట్టిస్తా. జనాలు ఫోటోలకు ఎగబడతారు" అన్నాడు.

"ఇంజనో?" అన్నాడు మద్దిలేటి.

"ఇంజన్ యాందుకన్నా, జాగా దండగ. తీసి పాత ఇనుము కింద కాటాకేస్తాం."

మద్దిలేటి కోప్పడలేదు. లోపలికి కేకేసి టీ పెట్టించాడు, హర్ష తాగేదాకా కూర్చున్నాడు, కారు దాకా పోయి సాగనంపాడు. వెనక్కి వచ్చేసరికి రామాంజి బండి మెట్టు మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

"రవ్వంత ఆలోచన చేసిండాల్సింది అన్నా" అన్నాడు రామాంజి. "మనకు వయసయితాంది. దీనికీ అయింది. తాగేది డీజిలు, తిరిగేది చావులకు. నా నడుము పడిపోయింది, కింద దూరలేకుండా ఉండా."

అందులో తప్పేమీ లేదు. రామాంజి నడుము నిజంగానే పడిపోయింది. మద్దిలేటి అతని భుజం మీద చెయ్యి వేసి, "నేను పోయినాక నీ ఇష్టమొచ్చినట్ల చేసుకో. నేనుండంగ దాని గుండెకాయ తీయొద్దు" అన్నాడు. రామాంజి నవ్వాడు. బండి వస్తే రామాంజికి రిసార్టులో సూపర్‌వైజరు పని, కుర్చీలో కూర్చునే పని, ఇస్తానని హర్ష మాటిచ్చిన సంగతి అప్పటికే ఊరంతా తెలుసు. మద్దిలేటికి తప్ప. చెవులు వినబడవని అతనితో ఎవరూ చిన్నగొంతుతో మాట్లాడే మాటలు మాట్లాడరు కదా.

మొన్నటి ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మద్దిలేటి నట్లు తడుతుండగా రామాంజి మోటారు సైకిలు మీద వచ్చాడు. దిగి, స్టాండు కూడా వెయ్యకుండా దాన్ని గోడకు ఆనించి, మద్దిలేటిని కావలించుకుని భోరుమన్నాడు.

"అమ్మ పోయిందన్నా."

నారాయణమ్మ కొంతకాలంగా బత్తలపల్లెలో కూతురు వనజాక్షి దగ్గర ఉంటోంది. రామాంజి ముందురోజు అక్కడికి పోయాడని మద్దిలేటికి తెలుసు. మద్దిలేటి చేతిలోని సుత్తి కింద పడింది. బంపరు మీద కూలబడ్డాడు.

"తెల్లారుజామున. నా చేతుల్తోనే తులసినీళ్లు పోసినా" అన్నాడు రామాంజి, వెక్కుతూ. "నువ్వు బిరీన పో అన్నా. పెద్దకొడుకు లెక్క నువ్వు లేకుండా ఆడ ఏదీ జరగదు. వనజ ఇంటికాడ నీళ్లు చుక్క లేవు. నేను ట్యాంకు నింపుకోని నీ యెనకాలే వస్తా."

"వనజకు ఫోను చేస్తా."

"వద్దన్నా. అది సొమ్మసిల్లి పడిపోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఫోనెవరెత్తుతారు."

అదీ నిజమే అనిపించింది. చావింటికి ఫోన్ చేసి విచారించే అలవాటు మద్దిలేటికి లేదు కూడా. అతను చేసిందేమిటంటే, లేచి ముఖం తుడుచుకుని, సగంలో ఆగిన ఫస్ట్ పరేడ్ పూర్తి చేశాడు. పెద్దమ్మకు నీళ్లు తీసుకుపోయే బండి దారిలో ఆగకూడదు. రోజూ చూసేదానికి రెండింతలు చూశాడు. వెనక చక్రానికి ఒక నట్టు మూలిగితే పడుకుని బిగించాడు. రేడియేటరు నిండా పోశాడు. "బ్రేకుల్లో గాలి ఎక్కేదాకా కదిలించొద్దురా, దిగుడు కాడ బ్రేకును నమ్ముకోవద్దు, గేరులో పెట్టి దించు" అని రామాంజికి మళ్లీ మళ్లీ చెప్పాడు. రామాంజి తలూపాడు. ఇంటిని దోచేవాడికి గడప దగ్గర దీపం పట్టుకుని నిలబడినట్టు నిలబడ్డాడు మద్దిలేటి. ఆ సంగతి అప్పుడు అతనికి తెలియదు.

సుజాత చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, "నువ్వు పో, నేను ఆడోళ్లను పిల్చుకోని ఆటోలో వస్తా" అంది. మద్దిలేటి తన మోటారు సైకిలు తీశాడు.

అనంతపురంలో ఆగి పూలమాల కొన్నాడు. పూలామె అతని ముఖం చూసి, పైన వేలాడుతున్నవి వద్దని లోపల్నుంచి దిట్టమైన చామంతి మాల తీసి ఇచ్చింది. దాన్ని సంచిలో పెట్టి హ్యాండిలుకు తగిలించుకుని, దారంతా నారాయణమ్మను తలుచుకుంటూ పోయాడు. చివరిసారి చూసి ఎన్నాళ్లయిందో లెక్క తెలియక తనను తనే తిట్టుకున్నాడు. హెల్మెట్టు లోపల ఏడుపు ఎవరికీ కనబడదు గనుక సిగ్గు లేకుండా ఏడ్చాడు.

వనజాక్షి ఉండే వీధిలో షామియానా లేదు. కుర్చీలు లేవు. ఎవరూ గుంపుగా నిలబడి లేరు. ఇంకా ఎవరికీ కబురు అంది ఉండదనుకున్నాడు. సంచి తీసుకుని గబగబా నడిచి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, అరుగు మీద నారాయణమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని చేటలో వేరుశెనగ పప్పులు ఏరుతోంది.

"ఏమప్పా, ఇంత ఎండలో వచ్చినావు" అంది తల ఎత్తి.

మద్దిలేటి అక్కడే మెట్టు మీద కూలబడి ఆమె రెండు పాదాలూ పట్టుకున్నాడు. పాదాలు వెచ్చగా ఉన్నాయి. అతనికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. వనజాక్షి లోపల్నుంచి వచ్చి చెంబుతో నీళ్లిచ్చింది. ఆ చెంబు ఖాళీ అయ్యేంతసేపూ ఈ జిల్లాలో అతనంత సుఖంగా ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ఎవరో ఏదో పొరపాటున చెప్పి ఉంటారు, పాపం రామాంజి కంగారుపడి ఉంటాడు అనుకున్నాడు.

చెంబు కింద పెడుతుంటే తులసినీళ్ల మాట గుర్తొచ్చింది. నా చేతుల్తోనే పోసినా అన్నాడు. ఎవరో చెప్పింది కాదు. నోట్లో నీళ్లు పోసినవాడు పొరపాటు పడడు.

"ఆ సంచిలో ఏమి?" అంది నారాయణమ్మ.

"ఏమీ లేదు పెద్దమ్మా."

ఆమె వంగి సంచి మూతి తెరిచింది. "ఇంత పెద్ద మాలా. ఎవరికి?"

"బండికి."

"బండికి ఇప్పుడేం పండగ? ఆయుధపూజ ఎప్పుడో అయిపాయ గదప్పా."

జవాబు వెతుక్కునేలోపు అతని ఫోన్ మోగింది. సుజాత. అలవాటు కొద్దీ స్పీకరు నొక్కాడు. ఆపాలని తట్టేసరికి ఆమె గొంతు అరుగంతా నిండిపోయింది.

"ఏమయ్యా, పెద్దమ్మను ఎప్పుడెత్తుతారంట? మేము ఆటోలో బయలుదేరల్లనా, ఆగల్లనా? ఈడ ఏందో తేడాగా ఉండాదయ్యా. నువ్వు పోయినంక ఆ హర్ష మనుషులు వచ్చినారు. రామాంజి ట్యాంకు నింపలేదు. ట్యాంకును విప్పి రోడ్డు పక్కన దింపేసి, ఉత్త బండి తీసుకోని హైవే ఎక్కినాడు. నేను కేకేస్తాంటే తిరిగి చూడలా. నీళ్లు లేకుండా చావింటికి యాందుకు పోతాండాడు వాడు?"

మద్దిలేటి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "ఎవరూ రావొద్దు. పెద్దమ్మ బాగుండాది" అని చెప్పి ఆపేశాడు.

వనజాక్షికి ముందు అర్థమైంది. అన్న రామాంజిని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. నారాయణమ్మ చెయ్యెత్తి ఆమెను ఆపింది. చేట పక్కకు పెట్టి ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుంది.

"నేను పోయినానని చెప్పినాడా?"

మద్దిలేటి తల వంచుకున్నాడు.

"చెప్పప్పా. ఏమని చెప్పినాడు?"

"తెల్లారుజామున పోయినావన్నాడు. వాని చేతుల్తో తులసినీళ్లు పోసినానన్నాడు. నన్ను పట్టుకోని ఏడ్సినాడు పెద్దమ్మా."

ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని మద్దిలేటి ఇప్పటికీ అంటాడు. అదే అతనికి మింగుడు పడనిది. దొంగ ఏడుపైతే అసహ్యించుకుని ఊరుకునేవాడు.

"నిన్న వచ్చినాడు" అంది నారాయణమ్మ. "ఎన్నడూ లేంది నా కాళ్లు పిసికినాడు. నీకేం కావాల మా అంటే, ఏమీ వద్దు నాయనా అంటి. పొయ్యేటప్పుడు గడపలో నిలబడి నా మొగం అట్లే చూసినాడు. ఇన్నాళ్లకు కొడుక్కి నా మీద పాణమొచ్చింది అనుకొంటి."

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. బండి మెల్లగా పోతుంది, ఇప్పుడు బయలుదేరినా దారిలో అందుకోవచ్చు. అందుకుని ఏం చెయ్యాలి? కాగితాల మీద పేరు రామాంజిది. ఎవరికి చెప్పుకున్నా ముందు అదే అడుగుతారు. సుజాత పోరినప్పుడల్లా తను అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది. కానీ అతన్ని కాలుస్తున్నది అది కాదు. మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు.

"కాగితం చేతిలో పట్టుకోని ఎదురుగా వచ్చి, బండి నాది, తీసకపోతాండా అనింటే నేనేం చేసేవాణ్ని" అన్నాడు. "రెండు తిట్లు తిట్టి ఊరకుందును. నా తల పగలగొట్టి తీసకపోయినా ఊరకుందును. ఎట్లయినా పోయే బండే అది. దానికోసం నిన్నెందుకు చంపల్ల పెద్దమ్మా. ఆ ఒక్క మాటకే నేను ఎదురడగనని వానికి తెలుసు. నా పక్కనే కూచోని నేర్చుకున్న మాట."

ఎండ అరుగు ఎక్కి నారాయణమ్మ పాదాల దాకా వచ్చింది. ఆమె కాళ్లు ముడుచుకోలేదు.

అప్పుడు వనజాక్షి ఫోన్ మోగింది. రామాంజి. వనజాక్షి ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది.

"ఎత్తు" అంది నారాయణమ్మ. "ఇట్ల ఇయ్యి నాకు."

వనజాక్షి స్పీకరు నొక్కి తల్లి నోటి దగ్గర పట్టుకుంది. అవతలి నుంచి గాలి, దాని వెనక మద్దిలేటికి తెలిసిన ఇంజను చప్పుడు వచ్చాయి. బండి ఎత్తు ఎక్కుతోంది. తక్కువ గేరులో పడాల్సిన చోట ఎక్కువ గేరులో ఈడుస్తున్నాడు. మద్దిలేటి చెయ్యి తనకు తెలియకుండానే పక్కకు కదిలి, లేని గేరు లివరు కోసం గాలిలో తడిమింది.

"వనజా, మద్దిలేటన్న వచ్చినాడా? అన్నకు రవ్వ మజ్జిగియ్యి, ఎండన పడి వచ్చింటాడు" అంటున్నాడు రామాంజి. "నేను రేపొచ్చి కాళ్లమీద పడతా. అన్నీ సర్దుకుంటాయి. అమ్మకు మాత్రం ఏమీ చెప్పొద్దండి."

"అమ్మ పోయింది గదప్పా" అంది నారాయణమ్మ.

అవతల ఇంజను చప్పుడొకటే వస్తోంది.

"పొద్దున్నే పోయింది. నువ్వే గదా నోట్లో నీళ్లు పోసింది. కొడుకు చెయ్యాల్సింది చేసేసినావు, ఇంగ నీకు బాకీ లేదు. కాళ్లమీద పడేదానికి కూడా ఈ గడప తొక్కొద్దు. రేపు నా పాణం పోయినప్పుడు మట్టి మద్దిలేటి ఏస్తాడు. నీకు కబురు కూడా రాదు. వచ్చినా నువ్వు నమ్మొద్దు."

"అమ్మా" అన్నాడు రామాంజి.

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. వనజాక్షి ఫోన్ ఆపేసింది. ఇంజను చప్పుడు సగంలో తెగిపోయింది. మద్దిలేటి ఆ బండి గొంతు వినడం అదే చివరిసారి.

నారాయణమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. "వనజా, కాగులో నీళ్లు పెట్టు. తలకు పోసుకోవల్ల" అంది.

"ఎవరికోసరమ్మా" అంది వనజాక్షి, అడిగాక నాలుక కరుచుకుంది.

"కొడుకు పోతే పోసుకోరా?"

వనజాక్షి లోపలి బిందె వైపు చూసి, "నీళ్లు లేవమ్మా. తాగేదానికి పట్టుకున్న బిందె ఒకటే ఉండాది. ట్రాక్టరు రేపటికి గానీ రాదు" అంది నెమ్మదిగా.

మద్దిలేటి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. గోడవారన ఉన్న ఖాళీ బిందెలు రెండు తీసుకుని వీధి చివర బోరింగు దగ్గరికి నడిచాడు. అక్కడ ఆడవాళ్లు బారుగా బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. నీళ్లు సన్నగా వస్తున్నాయి. వెనక నుంచి వచ్చి నేరుగా ముందుకు పోతున్న మగమనిషిని చూసి ఒకామె కొంగు దోపుకుని, "ఏమన్నా, మేమంతా ఊరికే నిలబడినామా ఈడ" అంది.

"చావింటికమ్మా" అన్నాడు మద్దిలేటి.

ఆమె తన బిందెను పక్కకు లాగేసుకుంది. ఆమె వెనకున్నవాళ్లు కూడా జరిగారు. ఒకామె వచ్చి అతని కోసం బోరింగు కొట్టడం మొదలుపెట్టింది. ఎవరు పోయారని అక్కడ ఎవరూ అడగలేదు.